వారసత్వపు చేతి తుపాకి – తూటా గుర్తింపు: పేరు, కొలత, చట్టం

వ్యాససంగ్రహం:

పెద్దల నుండి సంక్రమించిన చేతి తుపాకిని గుర్తించడం, దానికి తగిన తూటా ఏదో నిర్ధారించడం పైకి ఆయుధ నిపుణులకు మాత్రమే సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. అయితే తుపాకి మీద, తూటా మీద, లైసెన్సు పుస్తకంలో కనిపించే అంకెలు చాలా సందర్భాలలో కచ్చితమైన కొలతలు కావు. అవి సంప్రదాయంగా నిలిచిపోయిన పేర్లు. ఒకే పేరు గల తూటాలు పరస్పరం భిన్నమైనవి కావచ్చు. భారతీయ ఆయుధ నియమాలు ఆయుధాన్ని వర్గీకరించేటప్పుడు అది ఏ తూటాను పేల్చగలదన్న అంశాన్ని కూడా ప్రమాణంగా తీసుకున్నాయి. అందువల్ల పేరును, ముద్రను, వస్తువును కలిపి చదవడం అవసరం. ఆ పఠన విధానాన్ని, దానికి అవసరమైన తెలుగు పదజాలాన్ని, హైదరాబాద్ – శంషాబాద్ పరిసరాల నేపథ్యంలో వారసుల చట్టబద్ధ కర్తవ్యాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: చేతి తుపాకి, తూటా, గుండు, బోర్, కాలిబర్, ఆయుధ చట్టం, వారసత్వం, శంషాబాద్, పారిభాషిక పదజాలం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదుకు దక్షిణాన ఉన్న శంషాబాద్ పేరు పైగా ప్రభువుల బిరుదైన 'షమ్సుల్ ఉమరా' నుండి వచ్చిందని చెబుతారు. నిజాం ప్రభువుకు అంగరక్షక సైన్యాన్ని పోషించిన వంశం పైగాలది. హైదరాబాద్ నగరంలోని గన్‌ఫౌండ్రీ ప్రాంతం పాత పేరు 'తోప్ కా సాంచా'. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో అక్కడ ఫిరంగుల కార్ఖానాను నెలకొల్పాడు. నిజాం రాజ్యపు అశ్వికదళం మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా రంగాలలో పాల్గొన్నది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ రాజ్యం ముగిసింది. సైనికోద్యోగం, జాగీర్దారీ, వేట, ఆత్మరక్షణ అనే నాలుగు మార్గాలలో ఇక్కడి కుటుంబాలలోకి ఆయుధాలు చేరాయి. వాటిలో కొన్ని లైసెన్సు పుస్తకాలతో సహా తరువాతి తరాలకు సంక్రమించాయి.

ఇప్పుడు శంషాబాద్ అనగానే గుర్తుకు వచ్చేది 2008 మార్చిలో ప్రారంభమైన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం. ప్రయాణికుల సామాను తనిఖీలో తూటాలు బయటపడి కేసులు నమోదైన వార్తలు పత్రికలలో పలుమార్లు వచ్చాయి. లైసెన్సు ఉన్నవారి సంచిలో మరచిపోయిన తూటా కావచ్చు, పెద్దల పెట్టెలో నుండి తెలియకుండా వచ్చినది కావచ్చు. తనిఖీ యంత్రం ముందు రెండూ ఒకటే.

ఇటువంటి ఆయుధం చేతికి వచ్చిన వారసుడి ముందు మూడు ప్రశ్నలు నిలుస్తాయి. ఇది ఏ ఆయుధం? దీని తూటా ఏది? దీనిని ఉంచుకొనే హక్కు ఎవరిది? మూడవ ప్రశ్నకు జవాబు మొదటి రెండింటి మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండింటికీ జవాబు చెప్పవలసిన పదాలూ అంకెలూ తరచుగా తప్పుదారి పట్టిస్తాయి.

2. పదజాలం: ఒక మాటకు రెండు వస్తువులు

తెలుగులో ఆయుధ సంబంధ పదాలలో అధికభాగం అన్యదేశ్యాలు. 'తుపాకి' తుర్కీ భాషలోని 'తుఫెక్'తో సంబంధమున్న పదం. వార్తలలో నాటు పిస్తోలుకు వాడే 'తపంచా' కూడా పిస్తోలు అనే అర్థం గల తుర్కీ పదం 'తబంజా'కు బంధువే. రివాల్వర్, పిస్టల్, రౌండు, మ్యాగజైన్ వంటివి ఆంగ్లం ద్వారా చేరాయి. పదాలు ఎక్కడి నుండి వచ్చాయన్న దానికన్నా, అవి వస్తుభేదాన్ని నిలుపుతున్నాయా లేదా అన్నదే ఇక్కడ ముఖ్యం.

'తూటాలు నింపాడు' అన్నప్పుడు తూటా అంటే పేలడానికి సిద్ధంగా ఉన్న సంపూర్ణ వస్తువు. 'తూటా భుజంలో దిగింది' అన్నప్పుడు దాని కొనన ఉండి దూసుకుపోయే లోహఖండం మాత్రమే. 'బుల్లెట్' అనే మాటను కూడా ఇదే విధంగా రెండు అర్థాలలో వాడుతున్నారు. నిజానికి సంపూర్ణ తూటాలో నాలుగు భాగాలుంటాయి: ముందు భాగాన దూసుకుపోయే గుండు, అన్నింటినీ పట్టి ఉంచే ఇత్తడి తొడుగు, లోపలి మందు, అడుగున నిప్పు రాజేసే చిన్న మూత. పాతకాలపు గొట్టం తుపాకులలో మందును అంటించే పొడికి తెలుగులో 'రంజకం' అనే పేరు ఉంది. ఈనాటి తూటా అడుగున ఉండే మూత చేసే పని కూడా అదే.

ఈ వ్యాసంలో 'తూటా' అంటే సంపూర్ణ వస్తువు, 'గుండు' అంటే దూసుకుపోయే భాగం, 'తొడుగు' అంటే ఇత్తడి భాగం. ఈ భేదం వ్యాకరణ సౌలభ్యం కోసం చేసినది కాదు. పేలని తూటా, పేలిన ఖాళీ తొడుగు, శవపరీక్షలో లభించిన గుండు చట్టం దృష్టిలో ఒకటి కావు. నేరాభియోగాన్ని తెలుగులో నమోదు చేసేవారు, తీర్పులను అనువదించేవారు ఈ మూడింటినీ 'బుల్లెట్' అనే ఒక్క మాటతో చెబితే సాక్ష్యం స్వరూపమే మారిపోతుంది.

అదే విధంగా రివాల్వర్, పిస్టల్ పదాలు పర్యాయాలు కావు. రివాల్వర్‌లో తూటాలు గుండ్రంగా తిరిగే సిలిండర్‌లోని వేర్వేరు గదులలో ఉంటాయి. పిస్టల్‌లో సాధారణంగా పిడిలో అమరే మ్యాగజైన్ నుండి తూటా గొట్టం వెనుక గదిలోకి చేరుతుంది. రివాల్వర్ తూటా తొడుగుకు అడుగున పొడుచుకు వచ్చిన అంచు సాధారణంగా ఉంటుంది. ఆ అంచే తూటాను గదిలో నిలుపుతుంది. పిస్టల్ తూటాలలో ఎక్కువవాటికి ఆ అంచు ఉండదు, ఉన్నా స్వల్పంగా ఉంటుంది.

3. అంకె కొలత కాదు, పేరు

లైసెన్సు పుస్తకాలలో సాధారణంగా కనిపించే '12 బోర్' ఒక సంప్రదాయానికి చెందిన అంకె. ఒక పౌండు, అంటే సుమారు 454 గ్రాముల సీసాన్ని పన్నెండు సమాన గోళాలుగా చేస్తే, ఒక్కొక్క గోళపు వ్యాసం ఎంతో గొట్టపు వ్యాసం అంత అని దాని అర్థం. అది సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఈ పద్ధతిలో అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 16 బోర్ కంటే 12 బోర్ పెద్దది. కానీ '.410' అనే అంకె సీసపు గోళాల లెక్క కాదు, అంగుళాల లెక్క. ఒకే లైసెన్సు పట్టికలో పక్కపక్కన కనిపించే అంకెలు రెండు భిన్న పద్ధతులకు చెందినవన్న మాట.

చేతి తుపాకుల విషయంలో అంగుళాల లెక్క కూడా కచ్చితం కాదు. గొట్టం లోపల సర్పిలాకారంలో గాడులు ఉంటాయి. గాడుల మధ్య ఎత్తుగా ఉన్న భాగాల నుండి కొలిస్తే ఒక వ్యాసం, గాడుల అడుగు నుండి కొలిస్తే మరొక వ్యాసం వస్తుంది. పైగా '.38' అనే పేరు గల ప్రసిద్ధ తూటాల గుండు వ్యాసం .38 అంగుళం కాదు. '.38 స్పెషల్' గుండు సుమారు .357 అంగుళం, '.38 స్మిత్ అండ్ వెసన్' గుండు సుమారు .361 అంగుళం. తొలినాటి తూటాలలో గుండు వెలుపలి వ్యాసం తొడుగు వెలుపలి వ్యాసంతో సమానంగా ఉండేది. తరువాత గుండును తొడుగు లోపలికి అమర్చారు. గుండు సన్నబడింది, పేరు మాత్రం మారలేదు. వస్తువు మారినా పాత పేరు నిలిచిపోవడం భాషాశాస్త్ర విద్యార్థులకు కొత్త కాదు. ఇక్కడ ఆ నిలిచిపోయిన పేరును కొలతగా నమ్మితే ప్రాణాపాయం.

4. ఒకే పేరు, వేర్వేరు తూటాలు

4.1. '.32': భారతదేశంలో పౌర లైసెన్సులపై విస్తృతంగా కనిపించే అంకె ఇది. భారత ఆయుధ కర్మాగారాలు .32 రివాల్వర్‌ను, .32 పిస్టల్‌ను కూడా తయారుచేశాయి. కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 2014లో మహిళల కోసమని విడుదల చేసిన 'నిర్భీక్' కూడా .32 రివాల్వరే. అయితే .32 రివాల్వర్ వాడేది 1896 నాటి '.32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్' తూటా. దాని తొడుగు పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు. .32 పిస్టల్ వాడేది 1899 నాటి బ్రౌనింగ్ రూపకల్పన అయిన '.32 ఏసీపీ' తూటా. దాని తొడుగు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. దీనికే '7.65 మి.మీ. బ్రౌనింగ్' అని మరొక పేరు. రెండింటి గుండ్ల వ్యాసం దాదాపు సమానం. పిస్టల్ తూటాకు స్వల్పమైన అంచు ఉండడం వల్ల అది కొన్ని .32 రివాల్వర్ల గదులలో ఇమిడిపోతుంది. కానీ దాని పీడనం రివాల్వర్ తూటాకు నిర్దేశించిన దానికంటే ఎక్కువ. పాత రివాల్వర్‌లో దానిని పేల్చితే సిలిండర్ పగిలే ప్రమాదం ఉంది. ఇమిడినంత మాత్రాన తగినదని చెప్పలేమనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అవసరం లేదు.

4.2. '.38': రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నుండి బ్రిటిష్ సామ్రాజ్య సేనలకు చేరిన స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లు '.38 స్మిత్ అండ్ వెసన్' కొలతకు చెందిన బ్రిటిష్ సైనిక తూటా కోసం తయారైనవి. ఆ తూటా తొడుగు పొట్టిది, లావుది. '.38 స్పెషల్' తొడుగు పొడవైనది, సన్ననిది. యుద్ధానంతరం వాటిలో అనేకం '.38 స్పెషల్' పట్టేలా గదులను పొడిగించి అమ్ముడయ్యాయి. గది వెనుక భాగం వదులుగా ఉండిపోవడం వల్ల పేల్చినప్పుడు తొడుగులు ఉబ్బడం, చీలడం జరుగుతుంది.

4.3. '.380': బ్రిటిష్ సైన్యం 1932లో స్వీకరించిన ఎన్‌ఫీల్డ్ రివాల్వర్ తూటాను అధికారికంగా '.380' అని వ్యవహరించారు. అది అంచు గల తూటా. 1908లో వచ్చిన '.380 ఏసీపీ' అంచు లేని పిస్టల్ తూటా. దానికి '9 మి.మీ. షార్ట్' అనీ పేరుంది. అంకె ఒకటే అయినా రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఈ భేదానికి చట్టపరమైన ప్రాధాన్యం ఎంతటిదో ఏడవ విభాగంలో తెలుస్తుంది.

5. ముద్రల పఠనం

పేరు చాలనప్పుడు ఆయుధంపై ఉన్న ముద్రలను ఆశ్రయించాలి. ఇంగ్లండులో తుపాకి గొట్టాన్ని అమ్మే ముందు సాధారణం కంటే అధిక పీడనంతో పరీక్షించి ముద్ర వేయడం చట్టబద్ధమైన ఆచారం. లండన్ తుపాకి తయారీదారుల సంఘం, 1813 నాటి పార్లమెంటు చట్టంతో ఏర్పడిన బర్మింగ్‌హామ్ పరీక్షాలయం ఈ ముద్రలు వేసే ప్రధాన సంస్థలు. రివాల్వర్లలో గొట్టం మీదనే గాక సిలిండర్ మీద కూడా ఈ ముద్రలు ఉంటాయి. పొగలేని మందుతో పరీక్షించినట్లు తెలిపే 'నైట్రో ప్రూఫ్' ముద్ర ప్రత్యేకంగా గమనించదగినది. ఆ ముద్ర లేని పాత ఆయుధం నల్లమందు కాలానిది కావచ్చు. ఆధునిక తూటా పీడనాన్ని అది తట్టుకుంటుందని భావించరాదు. అండాకారంలో 'ఈఎల్‌జీ' అక్షరాలున్న ముద్ర బెల్జియంలోని లియేజ్ పరీక్షాలయానిది. బాణపు ములికి ఆకారంలోని గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి చిహ్నం.

ఆయుధం మీది క్రమసంఖ్య లైసెన్సు పుస్తకంలోని సంఖ్యతో సరిపోవాలి. పాత పుస్తకాలలో రాతగాడి చేతిలో తయారీదారు పేరు, బోర్ తారుమారైన సందర్భాలకు అవకాశం ఉన్నది. అందుచేత పుస్తకాన్ని ఆయుధంతో పోల్చి చదవాలే గాని, పుస్తకంలోని మాటే ప్రమాణమని తీసుకోరాదు.

తూటా అడుగున కూడా ముద్ర ఉంటుంది. తయారీదారు సంకేతాక్షరాలు, సైనిక తూటాలలో తయారైన సంవత్సరం, నమూనా సంఖ్య అందులో కనిపిస్తాయి. పుణె సమీపంలోని కిర్కీ కర్మాగారపు తూటాలపై 'కేఎఫ్' అనే అక్షరాలు ఉంటాయి. అయితే ఈ ముద్ర తెలిపేది తూటా గురించి మాత్రమే. ఒకే పెట్టెలో తుపాకి, తూటాలు కలిసి లభించడం అవి ఒకదానికొకటి తగినవి అనడానికి సాక్ష్యం కాదు. వేరొక ఆయుధం కోసం కొన్న తూటాలు దాని పక్కన చేరి ఉండవచ్చు. దశాబ్దాల తేమకు గురైన తూటా సరైనదే అయినా నమ్మదగినది కాదు.

6. మార్పులకు లోనైన ఆయుధం

ముద్ర కూడా అన్ని వేళలా అంతిమ ప్రమాణం కాదు. బ్రిటిష్ సైన్యం 1915లో స్వీకరించిన ఆరు తూటాల వెబ్లీ మార్క్ 6 రివాల్వర్ తూటా '.455'. అమెరికాకు చేరిన ఇటువంటి వెబ్లీలు అనేకం, .455 తూటాలు అరుదైనందున, సిలిండర్ వెనుక భాగాన్ని కొంత అరగదీసి '.45 ఏసీపీ' పట్టేలా మార్పు పొందాయి. గొట్టం మీది ముద్ర పాతదే, గది మాత్రం కొత్తది. పైగా .45 ఏసీపీ సాధారణ పీడనం ఆ రివాల్వర్ రూపకల్పనలో ఉద్దేశించిన దానికి మించినది. కనుక ముద్రను చదివినవారు గదిని కూడా చూడాలి.

నిపుణులు ఇందుకోసం తక్కువ వేడికి కరిగే లోహాన్ని ఖాళీ గదిలో పోసి అచ్చు తీసి, ఆ అచ్చును కొలుస్తారు. గుండు వ్యాసం, తొడుగు పొడవు, అంచు మందం, గది వెనుక వ్యాసం అనే నాలుగు కొలతలు కలిసినప్పుడే తూటా నిశ్చయమవుతుంది. ఇది లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్ద ఉండే పనివాడు గాని, పోలీసు ఆయుధాగారపు నిపుణుడు గాని, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల వంటి సంస్థ గాని చేయవలసిన పని. వారసుడు ఇంట్లో తూటాను గదిలో పెట్టి చూసి తేల్చుకోవలసినది కాదు.

7. చట్టం దృష్టిలో తూటా

ఆయుధ చట్టం 1959లో వచ్చి 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. మూడవ సెక్షన్ ప్రకారం తుపాకికే గాక తూటాకు కూడా లైసెన్సు ఉండాలి. 1962 నాటి ఆయుధ నియమాల మొదటి షెడ్యూలు, .380 లేదా .455 అంచు గల తూటాలను గాని, సైనిక 9 మి.మీ. లేదా .45 అంచు లేని తూటాలను గాని పట్టి పేల్చగల ఏ బోర్ పిస్టళ్లనైనా, రివాల్వర్లనైనా మొదటి వర్గంలో చేర్చింది. వాడుకలో 'నిషిద్ధ బోర్' అనేది ఈ వర్గాన్నే. వీటి లైసెన్సు కేంద్ర హోం మంత్రిత్వ శాఖ పరిధిలోనిది. ఇతర చేతి తుపాకుల లైసెన్సు కమిషనరేట్లలో పోలీసు కమిషనర్, జిల్లాలలో జిల్లా మేజిస్ట్రేట్ చూస్తారు. 1962 నియమాల స్థానంలో 2016 నియమాలు వచ్చినా ఈ విభజన కొనసాగుతున్నది.

ఈ నియమంలోని రెండు మాటలు గమనించదగినవి. మొదటిది 'ఏ బోర్ అయినా'. ఆయుధం మీద ఏ అంకె చెక్కి ఉన్నదన్నది కాదు, అది ఏ తూటాను పేల్చగలదన్నది ప్రమాణం. రెండవది 'అంచు గల'. ఈ విశేషణాన్ని అనువాదంలో వదిలివేస్తే, ఎన్‌ఫీల్డ్ రివాల్వర్ తూటా '.380', పిస్టల్ తూటా '.380 ఏసీపీ' ఒకటిగా కలిసిపోతాయి. అంటే ఆ వాక్యం ఉద్దేశించని ఆయుధానికి కూడా అది వర్తించినట్లు కనిపిస్తుంది. పారిభాషిక విశేషణం అలంకారం కాదనడానికి ఇది నిదర్శనం.

'పాతది కాబట్టి చట్టం వర్తించదు' అనే అభిప్రాయం కూడా సరికాదు. నలభై ఐదవ సెక్షన్ మినహాయింపునిచ్చేది కాలం చెల్లిన నమూనా, పురావస్తు విలువ లేదా శిథిలావస్థ కలిగి ఉండి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా ఉపయోగపడని ఆయుధానికి మాత్రమే. పేల్చగలిగే స్థితిలో ఉన్న వెబ్లీ నూరేళ్లనాటిదైనా ఈ మినహాయింపులోకి రాదు.

8. వారసుడి కర్తవ్యం

లైసెన్సుదారు మరణించినంత మాత్రాన లైసెన్సు వారసుడికి సంక్రమించదు. వస్తువు వారసత్వం వేరు, దానిని ఉంచుకొనే అనుమతి వేరు. ఇరవై ఒకటవ సెక్షన్ ప్రకారం ఏ కారణం చేతనైనా ఆయుధాన్ని ఉంచుకోవడం చట్టవిరుద్ధమైనప్పుడు, అనవసర జాప్యం లేకుండా దానిని సమీప పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని అప్పగించాలి. 2016 నియమాలు చట్టబద్ధ వారసులు లైసెన్సు కోరే అవకాశాన్ని కల్పించాయి. లైసెన్సుదారు మరణానంతరమే గాక, ఆయనకు డెబ్బై ఏళ్లు నిండినప్పుడు లేదా ఆయుధం ఇరవై ఐదేళ్లు ఆయన వద్ద ఉన్నప్పుడు కూడా వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

ఆచరణలో క్రమం ఇలా ఉండాలి. ఆయుధం తూటాలతో నిండి ఉందనే భావించి, మీటను తాకకుండా, తెరవడానికి ప్రయత్నించకుండా ఉన్నచోటనే భద్రపరచాలి. లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం దగ్గర ఉంచుకొని స్థానిక పోలీసు స్టేషన్‌కు తెలియజేసి, వారి సూచన ప్రకారం అప్పగించి రసీదు తీసుకోవాలి. అది ఖాళీగా ఉందని అర్హులు నిర్ధారించిన తరువాత ముద్రలను, క్రమసంఖ్యను నమోదు చేయించాలి. వర్గం తేలిన తరువాతనే తగిన అధికారికి దరఖాస్తు చేయాలి. లైసెన్సు వచ్చే వరకు తూటా కొనడం గాని, ఉన్న తూటాలను విడిగా దాచడం గాని తగదు.

విమాన ప్రయాణంలో తూటా విషయం మరింత సున్నితమైనది. లైసెన్సు ఉన్నా ఆయుధాన్ని, తూటాలను చేతి సంచిలో తీసుకువెళ్లరాదు. విమానసంస్థకు ముందుగా తెలిపి నియమానుసారం పంపాలి. 'స్వాధీనంలో ఉండడం' అనే భావనకు ఎరుక కూడా ఉండాలని గుణవంత్‌లాల్ వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు 1972లో వివరించింది. సంచిలో తూటా ఉన్నట్లు నిజంగా తెలియని ప్రయాణికుడికి ఇది రక్షణ కావచ్చు. కానీ ఆ వాదన న్యాయస్థానంలో నిలిచేది. శంషాబాద్ తనిఖీ ద్వారం దగ్గర విమానాన్ని ఆపదు. లైసెన్సు లేని తూటాకు 2019 సవరణ తరువాత రెండు నుండి ఐదేళ్ల వరకు శిక్ష విధించే అవకాశం ఉంది. పెద్దల పాత సంచులు, కోట్లు, పెట్టెలు ప్రయాణానికి వాడే ముందు పూర్తిగా ఖాళీ చేసి చూడడం చిన్న జాగ్రత్తే అయినా అవసరమైనది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు స్పష్టమవుతున్నాయి.

1. తుపాకి మీది అంకె చాలా సందర్భాలలో చారిత్రకంగా నిలిచిన పేరు. దానిని కొలతగా స్వీకరించరాదు.

2. లైసెన్సు పుస్తకం, ఆయుధంపై ముద్రలు, తూటా అడుగు ముద్ర, గది అసలు కొలత అనే నాలుగు ఆధారాలలో ఏ ఒక్కటీ విడిగా సరిపోదు. తూటా గదిలో ఇమడడం అసలు ఆధారమే కాదు.

3. ఆయుధం చట్టపరమైన వర్గం అది పేల్చగల తూటాపై కూడా ఆధారపడి ఉండడం వల్ల, గుర్తింపులో పొరపాటు భద్రతనే గాక హక్కును కూడా దెబ్బతీస్తుంది.

4. తూటా, గుండు, తొడుగు, రివాల్వర్, పిస్టల్, అంచు గల, అంచు లేని అనే భేదాలను తెలుగులో స్థిరపరచడం పరిపాలన, న్యాయ, పత్రికా రచనలకు అవసరం.

పోలీసు స్టేషన్‌లోనూ, కింది న్యాయస్థానంలోనూ సామాన్యుడి వాంగ్మూలం తెలుగులోనే మొదలవుతుంది. అక్కడ 'బుల్లెట్ దొరికింది' అని రాసిన వాక్యం పేలని తూటానా, ఖాళీ తొడుగునా, గుండునా ఏది చెబుతున్నదో తేలకపోతే, ఆ అస్పష్టత భారం మోసేది వాంగ్మూలం ఇచ్చిన మనిషే. పారిభాషిక పదకోశాల నిర్మాణంలో పనిచేసే తెలుగు పరిశోధకులు ఈ రంగాన్ని కూడా చేపట్టవలసిన అవసరం ఉన్నది.